టెర్ము నీటుగా

మా ఆసుపత్రిలో డిశ్చార్జి అనే మాట ఒక సోమవారం ఉదయం పదకొండు గంటలకు పోయింది. ఆ తర్వాత ఒక్క నెలలో నాలుగువందల పన్నెండు మంది పోయారు. దేవుడి దయవల్ల అందరూ కులాసాగా ఉన్నారు.

నేను రికార్డు రూంలో సీనియర్ అసిస్టెంటుని. పేరు గవర్రాజు. ఆసుపత్రి పేరూ ఊరి పేరూ చెప్పను. కొబ్బరితోటలూ కాలవలూ ఉన్న వైపని మాత్రం చెబుతాను, ఎందుకంటే కొబ్బరిచెట్టు లేకపోతే ఈ కథలో కాలు విరగదు. పంతొమ్మిదేళ్ళుగా కేస్‌షీట్లు కట్టలు కట్టి అటకెక్కించడమే నా పని. కట్టడానికే తప్ప చదవడానికి నాకు జీతమివ్వరు. అయినా చదువుతాను. ఒకళ్ళ జబ్బులు ఇంకొకళ్ళు చదవడం మర్యాద కాదని తెలుసు గానీ, మా గదిలో ఫ్యాను తిరగదు, మధ్యాహ్నాలు పెద్దవి.

ఆ చదువులో నాకు బాగా ఇష్టమైనది ఎముకల వార్డు కట్ట. ఆ వార్డులో ఎస్తేరమ్మగారు నర్సు. హెడ్ నర్సు పోస్టు పన్నెండేళ్ళుగా ఖాళీ కాబట్టి ఆ పని కూడా ఆవిడే చేస్తారు. ఉద్యోగం మాత్రం కాంట్రాక్టు. ఇరవయ్యారేళ్ళుగా ఏటా మార్చిలో ఒక కాగితం వస్తుంది, ఆవిడ ఇంకో ఏడాది నర్సుగా ఉంటారు. షీట్లో రాయవలసిన ఇంగ్లీషంతా అందరిలాగే పొట్టిపొట్టిగా రాసేసి, రోగి వెళ్ళాక షీటు వెనక్కి తిప్పి పెన్సిలుతో గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఒక్క ముక్క రాసేవారు. "నడిచి వెళ్ళాడు." "కర్ర పట్టుకుని వెళ్ళింది." "కొడుకు వీపున ఎక్కించుకు వెళ్ళాడు." ఎప్పుడైనా, "వెళ్ళలేదు. పొద్దున్నే పోయాడు. భార్య పక్కనే ఉంది."

ఎందుకమ్మా ఇది, ఎవరడిగారు అన్నాను ఒకసారి.

"ముందున్నది డాక్టర్లకండి. వెనకది నాకు. మళ్ళీ ఎప్పుడైనా వస్తే, ఎలా వెళ్ళినవాడు ఎలా వచ్చాడో తెలియాలి గదా" అన్నారు.

మా సూపరింటెండెంటు చిదానందంగారు మంచి సర్జను. కత్తి పట్టుకున్నంతకాలం ఆయనవల్ల ఎవరికీ హాని జరగలేదు. సూపరింటెండెంటయ్యాక కత్తి దింపి పెన్ను పట్టుకున్నారు. ఈమధ్య ఆయన్ని రాజధానిలో మూడు రోజుల వర్క్‌షాపుకి పిలిచారు. ప్రపంచస్థాయి ఆసుపత్రులకు కావలసిన భాషాపరమైన సంసిద్ధత అని దాని పేరు. వెళ్ళేటప్పుడు ఒక సూట్‌కేసుతో వెళ్ళారు. వచ్చేటప్పుడు సూట్‌కేసూ, ఒక జనపనార సంచీ, ఆ సంచీలో ఆరువందల ఇంగ్లీషు మాటల జాబితా పట్టుకొచ్చారు. విదేశీ యూనివర్సిటీల్లో పండితులు వ్యాసాలు రాసుకోవడానికి వాడుకునే మాటలట. ఇవి వస్తే ప్రావీణ్య పరీక్ష అనే పరీక్షలో తొమ్మిదికి తొమ్మిది వస్తాయట. తొమ్మిది వస్తే ఏమవుతుందో వర్క్‌షాపులో చెప్పలేదు.

ఆ శనివారమే సర్క్యులర్ వచ్చింది.

"ప్రపంచస్థాయి వైద్యమునకు ప్రపంచస్థాయి పదజాలమే పునాది యని గుర్తించడమైనది. కావున యావన్మంది సిబ్బందికి ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, వచ్చే నెల ఒకటవ తేదీ సోమవారము నుండి కేస్‌షీట్లయందు సదరు జాబితాలో లేని ఏ ఆంగ్ల పదమునూ వాడరాదు. ప్రతి షీటునందు కనీసము పన్నెండు అకడమిక్ పదములు ఉండవలెను. వాడుక భాషలో రాతలు నిషేధించడమైనది. ప్రావీణ్య పరీక్షయందు మూడు ప్రయత్నములలో ఆరు మార్కులు పొందని సిబ్బందిని రోగుల చెంతనుండి తప్పించి దుప్పట్ల గదికి పంపడమగును."

ఇంత ఇంగ్లీషు గురించిన ఆర్డరు తెలుగులో వచ్చిందేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే ఇంగ్లీషులో ఇస్తారేమోనని భయం.

పాఠాలు చెప్పడానికి మా హెల్త్ ఎడ్యుకేటరు వామనమూర్తిగారిని పదసంపద నోడల్ అధికారిగా వేశారు. భోజనానికి ముందు చేతులు కడుక్కోమని తాలూకాలో ఉన్న గోడలన్నిటిమీదా రాయించింది ఆయనే. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు ఓపీ హాల్లో క్లాసు. రోగులు బయట ఎండలో నిలబడేవారు. కిటికీలోంచి వాళ్ళకీ వినబడేది.

"అబాండన్!" అన్నారు వామనమూర్తిగారు మొదటిరోజు. "అనగా వదిలివేయుట. ఎలా గుర్తుపెట్టుకుంటాం? ఆ బండను! ఆ బండను ఏం చెయ్యాలి? వదిలెయ్యాలి. అందరూ అనండి."

"ఆ బండను" అన్నాం డెబ్బైమందిమి.

"కన్‌కరెంట్. ఏకకాలమందు జరుగుట. కన్నూ కరెంటూ ఒకేసారి పోయాయి. కన్‌కరెంట్!"

కంటి డాక్టరుగారు ఏదో అనబోయి మానుకున్నారు.

"పర్సీవ్. గ్రహించుట. బస్సు దిగాక జేబు తడుముకున్నాం. పర్సు ఏదీ? అప్పుడు గ్రహించాం. పర్సీవ్! టర్మినేట్. ముగియుట. టెర్ము నీటుగా అయిపోయింది. టెర్ము, నీటు. టర్మినేట్!"

"టెర్ము నీటు" అన్నాం. కిటికీ బయటనుంచి కూడా పదిమంది అన్నారు.

ఆయన్ని ఎగతాళి చేస్తున్నానని అనుకోకండి. ఆ మాటలు నాకు ఈరోజుకీ గుర్తున్నాయి. చచ్చినా మర్చిపోలేను. అసలు చిక్కంతా అదే.

మొదటి పరీక్షలో ప్రపంచీకరణ వలన వైద్యరంగమున సంభవించు పరిణామములను విశ్లేషించమని వ్యాసం అడిగారు. వామనమూర్తిగారికి ఎనిమిదిన్నర వచ్చింది. పేపరు ఆయనే తయారుచేశారు. చిదానందంగారికి ఎనిమిది, పేపర్లు దిద్దింది వామనమూర్తిగారు. నాకు అయిదున్నర. నేను ఎలాగూ రోగుల చెంత లేను కాబట్టి నన్ను ఎక్కడికీ పంపక్కర్లేదన్నారు. ఎస్తేరమ్మగారికి మూడున్నర వచ్చింది. ఆవిడ రాసింది నాలుగే వాక్యాలు. రోగి వస్తాడు. నొప్పి అంటాడు. పక్కకి తిప్పి పడుకోబెట్టి మందిస్తాం. నొప్పి తగ్గుతుంది. కింద ఎర్రసిరాతో "విశ్లేషణ లోపించినది" అని రాశారు. రెండోసారి అవే నాలుగు వాక్యాలు తిరిగి రాస్తే మూడే వచ్చాయి.

"నాకిది రాదు గవర్రాజు గారూ" అన్నారు ఆవిడ నా గదికొచ్చి. "ఇరవయ్యారేళ్ళయింది. ఇప్పుడు దుప్పట్లు లెక్కపెట్టమంటే నేను బతకలేనండి. వార్డు తప్ప నాకింకోటి తెలీదు."

ఇంకో ఛాన్సు ఉందిగా అన్నాను.

ఒకటో తేదీ సోమవారం వచ్చింది. పదింటికల్లా అసలు సంగతి బయటపడింది. ఆ ఆరువందల మాటల్లో జ్వరం లేదు. నొప్పి లేదు. ఎముక, రక్తం, దగ్గు, వాంతి, బిడ్డ ఏవీ లేవు. విదేశాల్లో పండితులకి జ్వరాలు రావు కాబోలు. పదింబావుకి పర్యాయపద కమిటీ వేశారు. చిదానందంగారు అధ్యక్షుడు, వామనమూర్తిగారు కార్యదర్శి, నేను సభ్యుణ్ణి. కుర్చీలు నా గదిలో ఉన్నాయి కాబట్టి.

"జ్వరమునకు ఏమందాం?" అన్నారు చిదానందంగారు.

"థర్మల్ వేరియేషన్ అండి" అన్నారు వామనమూర్తిగారు.

"శభాష్. నొప్పి?"

"టెన్షన్ అండి."

"కాన్పు?"

"ప్రొడక్షన్ అండి. విరిగిన ఎముకకి స్ట్రక్చరల్ కాన్‌ఫ్లిక్ట్. ఎముకలో రెండు ముక్కలకీ పడటం లేదన్నమాట."

నేను రాస్తూ పోయాను. పదకొండు గంటలకి నూట పద్నాలుగో మాట డిశ్చార్జి దగ్గరికి వచ్చాం. వామనమూర్తిగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"టర్మినేషన్ అండి. టెర్ము నీటుగా అయిపోయింది, రోగి ఇంటికి వెళ్ళాడు."

"అద్భుతం. అర్థం కూడా రాయవయ్యా గవర్రాజూ. రోగి పూర్తిగా కోలుకొని, తన కాళ్ళపై తాను గృహమునకు వెళ్ళుట."

రాశాను. చెయ్యి వణికిందని చెప్పుకోవాలని ఉంది గానీ వణకలేదు. అప్పటికే నూట పదమూడు రాసి ఉన్నాను.

ఆ సాయంత్రం పదకోశం వార్డులకి వెళ్ళింది. పావుగంటలో ఎస్తేరమ్మగారు సూపరింటెండెంటు గదిలో ఉన్నారు. ఫైలు పట్టుకుని నేనూ ఉన్నాను.

"సార్, ఈ నూట పద్నాలుగో మాట నాకు మంచి మాటలా అనిపించట్లేదండి. అది చంపెయ్యడానికీ, ఉద్యోగం తీసెయ్యడానికీ అంటారు కదండీ."

"సిస్టర్, మీ స్కోరు ఎంత?" అన్నారు చిదానందంగారు.

"మూడండి."

"నాది ఎనిమిది."

వామనమూర్తిగారు గొంతు సర్దుకున్నారు. "ఇటువంటి అపోహలు భవిష్యత్తులో తలెత్తకుండా ఒక నిబంధన చేర్చుట సముచితమని నా మనవి."

చేర్చారు. "సదరు పదకోశములోని పదములకు ఈ ఆసుపత్రి ప్రాంగణమునందు పదకోశములో ఇచ్చిన అర్థము తప్ప మరియొక అర్థము చెల్లదు." చిదానందంగారు పచ్చసిరాతో సంతకం చేశారు. ఎస్తేరమ్మగారు వెళ్ళిపోయారు.

తర్వాతి రోజులు సంబరంగా గడిచాయి. గుండెనొప్పితో వచ్చిన ఒక పోస్టుమాస్టరుగారి షీటు మీద "ఛాతీలో టెన్షన్" అని రాస్తే, కొత్తగా వచ్చిన డ్యూటీ డాక్టరు టెన్షన్ పడకండి, ప్రాణాయామం చెయ్యండి అని పంపేశాడు. పోస్టుమాస్టరుగారి భార్య గట్టి మనిషి కాబట్టి గేటు దగ్గర్నుంచి వెనక్కి తీసుకొచ్చింది, ఆయన బతికాడు. ప్రసూతి వార్డు నోటీసుబోర్డు మీద ఈ వారం ప్రొడక్షన్ ముప్పయ్యొకటి అని పెట్టారు. గ్రాఫు కూడా గీశారు.

ఆ వారంలోనే నూకరాజు వచ్చాడు. చెట్లెక్కి కొబ్బరికాయలు దింపడం అతని వృత్తి. నలభయ్యేళ్ళుంటాయి. చెట్టు తలలోని మొవ్వు దగ్గర చెయ్యి జారి, ముప్పై అడుగుల మీంచి తోటకి నీళ్ళు పారే బోదెలో పడ్డాడు. ఎడమకాలు మోకాలి కింద విరిగింది. షీటు మీద "ఎడమకాలియందు స్ట్రక్చరల్ కాన్‌ఫ్లిక్ట్" అని రాశారు. కాన్‌ఫ్లిక్ట్ అంటే గొడవ కదా అని ఆసుపత్రి పోలీసు అవుట్‌పోస్టు హెడ్డుకానిస్టేబులు రూలు ప్రకారం కాగితాలు పట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు.

"గొడవ ఎవరెవరికి జరిగింది?"

"గొడవేంటండి బాబూ?" అన్నాడు నూకరాజు.

"కాన్‌ఫ్లిక్ట్ అని రాసుంది. రెండో పార్టీ ఎవరు?"

నూకరాజు విరిగిన కాలు చూసుకున్నాడు. "నేనూ, సెట్టూ అండి. ఆయ్."

"చెట్టు ఎవరిది?"

"రామిశెట్టోరిదండి. మరి ఆరు ఊళ్ళో నేరండి, ఐద్రాబాద్‌లో ఉంటారండి."

హెడ్డు అదంతా రాసుకుని వెళ్ళాడు. ఎస్తేరమ్మగారు కాలికి పిండికట్టు వేయించారు. ఎనిమిది రోజులు ఉంచుకున్నారు. వెళ్ళేరోజు షీటు మీద "పేషెంట్ టర్మినేటెడ్, ఉదయం పదకొండు గంటలు, కండిషన్ పాజిటివ్" అని రాయవలసి వచ్చింది. రాశారు. వెనక్కి తిప్పి పెన్సిలుతో, "కర్రల సాయంతో నడిచి వెళ్ళాడు. ఆరు వారాలకి రమ్మన్నాను. దురద పెడితే పుల్ల దూర్చొద్దని చెప్పాను, దూరుస్తాడు" అని రాశారు. ఆ పెన్సిలు రాత ఇప్పుడు నిషేధం. నేను చూశాను, కట్ట కట్టేశాను, ఎవరికీ చెప్పలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన మొదటి మంచిపని అదే, అది కూడా ఏమీ చెయ్యకపోవడమే.

నెలాఖరున షీట్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించాలి. పైనుంచి వచ్చిన ప్రోగ్రాంలో మూడే గడులు ఉంటాయి. డిశ్చార్జి, పెద్దాసుపత్రికి పంపడం, మరణం. నేను "టర్మినేటెడ్" అని కొట్టగానే అది తనంతట తాను మూడో గడిలోకి వెళ్ళి కూర్చుంది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అక్కడే కూర్చుంది. పరుగెత్తుకెళ్ళి వామనమూర్తిగారికి చెప్పాను.

"కంప్యూటరుకి ఇంకా పదకోశం అందలేదు. తరువాత సర్దుబాటు అవుతుంది. మీరు నొక్కండి" అన్నారు.

నాలుగువందల పన్నెండుసార్లు నొక్కాను.

ఆ ప్రోగ్రాంలో ఇంకో సదుపాయం ఉందని నాకు తెలీదు. మరణం గడిలో పడ్డవాళ్ళ సెల్లుకి అదే ఒక సందేశం పంపుతుంది. మామూలుగా అది ఇంట్లోవాళ్ళ నంబరుకి పోతుంది. నూకరాజు తన నంబరే ఇచ్చాడు.

ఆరు వారాలు గడిచాయి. ఓపీ కౌంటరులో అతనికి చీటీ రాలేదు. చనిపోయినవాళ్ళకి కంప్యూటరు చీటీ ఇవ్వదు. రికార్డు రూంలో అడగమన్నారు. రెండు కర్రల మీద నా గదికొచ్చి, సెల్లు తీసి నా ముందు పెట్టాడు.

"గౌరవనీయ నూకరాజు గారికి, నూకరాజు గారి మృతికి మా ప్రగాఢ సానుభూతి. మా సేవలపై మీ అభిప్రాయము తెలుపగలరు."

"ఊళ్ళో అందరికీ సూపిచ్చానండి" అన్నాడు. "నన్ను గారూ అన్నోళ్ళు ఇయ్యాల్టిదాకా లేరండి. మా ఇంటిది మాత్రం ఏడుత్తాందండి, అపశకునవని. అది సరేనండి, ఈ కట్టు ఇప్పించెయ్యండి బాబూ. లోపల సీవలు పాకినట్టుందండి. కాయ దిగే రోజులండి, సెట్టెక్కకపోతే ఎలాగండి."

"నువ్వు పోయినట్టు రికార్డయింది నూకరాజూ. బతికే ఉన్నట్టు కాగితం కావాలి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

"కాగితం ఎవరిత్తారండి?"

"సూపరింటెండెంటుగారు."

సూపరింటెండెంటుగారు అతన్ని చూశారు. కర్రల మీద నిలబడ్డ మనిషి ప్రాణంతోనే ఉన్నాడని ఒక సర్జనుగా ఆయనకి అనుమానం లేదు. కానీ ధ్రువపత్రం జాబితాలోని మాటలతోనే రాయాలి. కమిటీ మళ్ళీ కూర్చుంది. గంటన్నర వెతికాం. వామనమూర్తిగారు జాబితాని మొదటి అక్షరం నుంచి చివరిదాకా రెండుసార్లు చదివారు. ఆరువందల మాటల్లో బతికున్నాడు అనేదానికి మాట లేదు.

"సమస్య సంక్లిష్టముగా ఉన్నది" అన్నారు చిదానందంగారు. "సదరు వ్యక్తిని వచ్చే సోమవారం రమ్మనండి."

నూకరాజు అప్పటికి ఓపీ మెట్ల మీద కూర్చుని కట్టులోకి చీపురుపుల్ల దూరుస్తున్నాడు. నేను వెళ్ళి సోమవారం రమ్మన్నాను. అతను నా ముఖంలోకి చూశాడు. నాకు తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

అప్పుడే ఎస్తేరమ్మగారు వార్డులోంచి బయటికొచ్చారు. పుల్ల చూశారు.

"దూర్చొద్దన్నానా లేదా?"

"తల్లీ, నేను పోయానంటండి" అన్నాడు నూకరాజు.

"పోతే పోయావు, లోపలికి రా."

"అమ్మా, షీటు లేదండి, చీటీ లేదండి" అన్నాను నేను వెనకనుంచి.

"కాలుందిగా" అన్నారు ఆవిడ.

ఇరవై నిమిషాల్లో కట్టు విప్పారు. కింద చర్మం మీద గోళ్ళ గీతలు, పుల్ల గీతలు. ఎముక మాత్రం చక్కగా అతుక్కుంది. వేణ్ణీళ్ళతో కడిగి నూనె రాశారు. అతను కాలు కింద పెట్టి, ఒక అడుగు వేసి, ఇంకో అడుగు వేసి, నవ్వాడు. చీటీ లేకుండా చికిత్స జరిగిన సంగతి అరగంటలో పైఅంతస్తుకి చేరింది.

మర్నాడు మెమో. వామనమూర్తిగారు విచారణాధికారి. నేను రాసుకునేవాణ్ణి.

"రికార్డుల ప్రకారము ఉనికిలో లేని వ్యక్తికి మీరు చికిత్స చేసినారన్నది మొదటి అభియోగము. దీనిపై మీ సమాధానము?"

"ఉన్నాడండి. ఏడిపించుకు తిన్నాడు కూడాను."

"రెండవ అభియోగము. నిషేధించిన తరువాత కూడా అరవయ్యొక్క కేస్‌షీట్ల వెనుక పెన్సిలుతో వాడుక భాషయందు రాతలు రాసినారు. ఉదాహరణకు, 'అత్తగారు ఆటో తెచ్చింది, ఎక్కి వెళ్ళింది.' ఇది విశ్లేషణాత్మకముగా ఉన్నదా?"

"లేదండి. ఆటోలో వెళ్ళింది, అంతేనండి."

కట్టలు విప్పింది ఎవరని మీరు అడగొచ్చు. అటక తాళం చెవులు నా దగ్గరే ఉంటాయి. అడిగారు, ఇచ్చాను.

ఆ విచారణ సాగుతుండగానే రాజధాని నుంచి ఫోనొచ్చింది. స్పీకరులో పెట్టారు కాబట్టి అందరం విన్నాం.

"ఏమయ్యా చిదానందం, మీ దగ్గర ఒక్క నెలలో నాలుగువందల పన్నెండు మరణాలా? డిశ్చార్జిలు సున్నా?"

"అవి మరణాలు కావు సర్. టర్మినేషన్లు. మా టర్మినేషన్ రేటు నూటికి నూరు శాతం సర్" అన్నారు చిదానందంగారు గర్వంగా.

అవతలనుంచి వినబడ్డవి జాబితాలో ఉండే మాటలు కావు.

సాయంత్రంలోగా వివరణ పంపారు. నేనే టైపు చేశాను. "ఈ ఆసుపత్రియందు టర్మినేషన్ అనగా రోగి పూర్తిగా కోలుకొని, తన కాళ్ళపై తాను గృహమునకు వెళ్ళుట మాత్రమే. ఆమోదిత పదకోశము, క్రమసంఖ్య 114. మరియొక అర్థము చెల్లదు. కావున సదరు నాలుగువందల పన్నెండు మంది సజీవులని ధ్రువీకరించడమైనది." కింద పచ్చసిరా సంతకం. పదకోశం ప్రతి జత చేశారు. పైవాళ్ళు తిట్టుకుంటూనే ఒప్పుకున్నారు. నూకరాజు నాలుగువందల పదకొండు మందితో కలిసి బతికాడు.

చిదానందంగారు బాగా నలిగిపోయారు పాపం. అంత పెద్ద మనిషి స్పీకరులో అన్ని మాటలు పడ్డాక, ఆ కోపం ఎక్కడో ఒకచోట దిగాలి. కింద ఎస్తేరమ్మగారు ఉన్నారు. కాంట్రాక్టు మనిషి, స్కోరు మూడు, అభియోగాలు రెండు. వామనమూర్తిగారు ఆర్డరు తయారుచేశారు. రూల్సు పుస్తకం ప్రకారం ఉద్యోగంలోంచి డిశ్చార్జి చేయడమైనది అని రాయాలి. డిశ్చార్జి జాబితాలో లేదు. అంచేత జాబితాలో ఉన్న మాటే రాశారు. ఎస్తేరమ్మగారి సర్వీసు టర్మినేట్ చేయడమైనది.

ఆఫీసు ప్రతి మీద అందినట్టు సంతకం తీసుకునే పని నాది. వార్డుకి వెళ్ళి ఇచ్చాను. ఆవిడ చదివారు. రెండుసార్లు చదివారు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటారేమోనని నేను పక్కకి చూశాను. ఒక ముసలాయన మంచినీళ్ళడుగుతున్నాడు.

"ఉండు నాయనా, వస్తున్నా" అన్నారు ఆవిడ. ఆర్డరు బల్లమీద పెట్టి వంగి ఏదో రాసి, సంతకం చేసి, మడిచి నాకిచ్చారు. నేను విప్పి చూడలేదు. చూడటానికి మొహం చెల్లలేదు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకొచ్చి, తలుపు వేసుకుని, పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఎవరూ అడక్కుండా ఒక నోటు రాశాను.

"పరిశీలించడమైనది. ఆమోదిత పదకోశము, క్రమసంఖ్య 114 ప్రకారము టర్మినేషన్ అనగా పూర్తిగా కోలుకొని తన కాళ్ళపై తాను ఇంటికి వెళ్ళుట. మరియొక అర్థము చెల్లదు. కావున సదరు ఎస్తేరమ్మగారి సర్వీసు పూర్తిగా కోలుకొన్నదనియు, ఆమె నిన్న సాయంత్రము డ్యూటీ ముగిసిన పిమ్మట ఇంటికి వెళ్ళినారనియు భావించడమైనది. తదుపరి ఉత్తర్వుల నిమిత్తము సమర్పించడమైనది."

చిదానందంగారు చదివి లేచి నిలబడ్డారు.

"నువ్వు నాకు ఇంగ్లీషు చెబుతావా?"

"లేదండి. నా స్కోరు అయిదున్నరేనండి. తమరు సంతకం పెట్టిందే ఎత్తి రాశానండి."

"ఇక్కడ టర్మినేట్ అంటే తీసెయ్యడం! అందరికీ తెలుసు!"

"అలాగేనండి. అయితే పైకి పంపిన వివరణ మార్చి రాయమంటారా అండి? ఆ నాలుగువందల పన్నెండు మందినీ ఏం చెయ్యమంటారండి?"

ఆయన వామనమూర్తిగారి వైపు చూశారు. వామనమూర్తిగారు పదకోశం వైపు చూశారు. ఆ మాటకి తీసెయ్యడమని అర్థం చెబితే నాలుగువందల పన్నెండు మంది మళ్ళీ పోతారు. వాళ్ళు బతికుండాలంటే ఎస్తేరమ్మగారు కోలుకున్నట్టే. పదకోశం రద్దు చేద్దామంటే అసలుకే మోసం. దానికి జిల్లా స్థాయి ఉత్తమ సంస్కరణ అవార్డు వచ్చిందని అంతకు ముందురోజే ఉత్తరం వచ్చింది.

"తీసివేయుటకు జాబితాలో వేరొక పదము లేదా?" అన్నారు చిదానందంగారు, మామూలు గొంతుతో.

"అబాండన్ ఉన్నదండి" అన్నారు వామనమూర్తిగారు. "కానీ ఆసుపత్రి ఆమెను వదిలివేసిందనిన, లోపము ఆసుపత్రియందు ఉన్నట్లు ధ్వనించును."

చిదానందంగారు నా నోటు మీద "చూడడమైనది. ఫైలు చేయుము" అని రాసి, సంతకం చేసి, నా వైపు చూడకుండా తోశారు. తీసివేయుటకు పర్యాయపదం కోసం కమిటీ ఈ రోజుకీ కూర్చుంటూనే ఉంది. నేనూ సభ్యుణ్ణే. నాకు తోచినది ఒకటి ఉంది గానీ చెప్పను. మూడో పరీక్ష కూడా, వ్యాసాలు దిద్దడానికి తీరిక లేక, వాయిదా పడింది.

ఫైలు తీసుకుని నా గదికొచ్చాను. కిటికీలోంచి చూస్తే ప్రహరీ అవతల తోటలో నూకరాజు చెట్టుమీద ఉన్నాడు. వారమైనా ఆగమని ఆవిడ చెప్పే ఉంటారు. ఆర్డరు ఆఫీసు ప్రతికి నోటు జతచేసి గుచ్చుదామని అప్పుడే మొదటిసారి మడత విప్పాను. కింద ఆవిడ సంతకం, నిన్నటి తేదీ ఉన్నాయి. అలవాటు కొద్దీ వెనక్కి తిప్పాను.

పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలు. "నడిచి డ్యూటీకి వెళ్ళింది."